పడవ రంగుల నుంచి కొలాజ్ దాకా: ఫోన్‌తో అబ్‌స్ట్రాక్ట్ ఫొటోలు తీసి బొమ్మ కూర్చే పద్ధతి

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో మర పడవల వేటకు నిషేధం. ఆ 61 రోజులూ విశాఖపట్నం ఫిషింగ్ హార్బర్‌లో పడవలు వరసగా ఆగి ఉంటాయి. కొన్నిటిని గట్టెక్కించి, అడుగున పట్టిన గుల్లలు గీకి, పాత రంగు చెక్కేసి కొత్త రంగు వేస్తారు. గీకిన చోట నీలం కింద ఆకుపచ్చ, దాని కింద ఎరుపు, ఇంకా కింద చెక్క నార బయటపడతాయి. బడికి వేసవి సెలవులు కూడా దాదాపు అప్పుడే. డ్రాయింగ్ మాస్టారిగా నా సొంత పనికి చేతినిండా సమయం దొరికేది ఆ రోజుల్లోనే కాబట్టి, నా ఫొటోలూ కొలాజ్‌లూ ఎక్కువగా ఆ పడవల దగ్గరే మొదలయ్యాయి.

మొదటి ఏడాది ఒక పెద్దాయన నన్ను చాలాసేపు చూసి, "ఏటి మాస్టారూ, పడవంతా ఒగ్గేసి పెచ్చులు తీస్తన్నారు?" అని అడిగాడు. ఫోన్ చేతికిచ్చాను. కాస్త దూరంగా పెట్టుకుని చూసి, "మబ్బు పట్టినట్టుందే" అన్నాడు. అది ఆయన సొంత పడవ పక్కచెక్క మీద ఊడిన నీలం రంగు. అబ్‌స్ట్రాక్ట్ ఫొటో అంటే ఏమిటని పిల్లలు అడిగితే ఇప్పటికీ ఈ సంగతే చెప్తాను. ఉన్న వస్తువునే తీస్తాం, దాని పేరు మాత్రం ఫ్రేములో పడనివ్వం. పేరు పక్కకు తప్పుకోగానే రంగు, గీత, మరక, గరుకుతనం ముందుకొస్తాయి.

అలా తీసిన ముక్కల్ని కలిపి కొత్త బొమ్మ చేయడం రెండో సగం. మన ఇళ్ళలో పాత చీరల ముక్కల్ని అతికి బొంత కుట్టేవాళ్ళు కదా, కొలాజ్ కూడా ఆ జాతి పనే. ఆ మాట ఫ్రెంచిలో 'అతికించడం' అనే అర్థం నుంచి వచ్చింది. 1912లో పికాసో, బ్రాక్ తమ చిత్రాల్లో కాగితం, ఆయిల్‌క్లాత్ ముక్కలు అంటించడంతో ఆధునిక చిత్రకళలో దానికి చోటు దొరికింది. మనం జిగురుకు బదులు లేయర్లు, అంటే కంప్యూటర్‌లో ఒకదాని మీద ఒకటి పరిచే పొరలు, వాడతాం.

కావలసినవి: ఫోన్, పాత శుభలేఖ ఒకటి, కత్తెర. తర్వాతి దశకు కంప్యూటర్ ఉంటే మంచిది, లేకపోయినా పని ఆగదు.

మొదటి రోజు ఫోన్ తియ్యకండి

దళసరి శుభలేఖ అట్ట తీసుకుని మధ్యలో రెండంగుళాల వెడల్పు, మూడంగుళాల పొడవున కిటికీ కోయండి. లోపలి వైపు రంగులూ బంగారు గీతలూ ఉంటే తెల్ల కాగితం అంటించండి, లేకపోతే అవే కన్ను లాగేస్తాయి. ఈ అట్ట పట్టుకుని ఇంటి చుట్టూ ఒక గంట తిరగండి. గోడకు ఆనించి చూడండి, చేయి చాపి దూరంగా పట్టి చూడండి, పక్కకు తిప్పి చూడండి.

ఇది చిన్నపిల్లల ఆటలా అనిపించి చాలామంది వదిలేస్తారు. దయచేసి వదలకండి. ఫోన్ తెర మీద చూసినప్పుడు మన వేలు వెంటనే బటన్ వైపు పోతుంది. అట్టకు బటన్ లేదు, అందుకని చూడటం ఒక్కటే మిగులుతుంది. పావుగంట గడిచేసరికి కిటికీ నాలుగు అంచుల్నీ గమనించడం మొదలుపెడతారు. గీత ఏ అంచు దగ్గర లోపలికొచ్చింది, ఎక్కడ బయటికెళ్ళింది, మూలన ఏం మిగిలింది అన్నవి కనిపిస్తాయి. అబ్‌స్ట్రాక్ట్ ఫొటోకి అంచులే ప్రాణం. మధ్యలో ముఖమో చెట్టో లేనప్పుడు బొమ్మను నిలబెట్టేవి అవే.

నచ్చిన నాలుగైదు చోట్ల నిలబడి, కిటికీలో కనబడేదాన్ని పెన్సిల్‌తో అగ్గిపెట్టె అంత గడిలో గీయండి. వివరాలొద్దు, ముదురు ఎక్కడ, లేత ఎక్కడ అన్నది చాలు.

ఒక్క చోటు, నాలుగుసార్లు

ఊరంతా తిరిగి చోటుకి రెండు చొప్పున తీస్తే చివరికి ఒకదానితో ఒకటి మాట్లాడుకోని ఫొటోలు మిగులుతాయి. ఒక్క చోటు ఎంచుకుని కనీసం నాలుగుసార్లు వెళ్ళండి. మొదటిసారి అందరికీ కనిపించేవే మీకూ కనిపిస్తాయి, రెండోసారి విసుగొస్తుంది. మూడోసారి నుంచి పని మొదలవుతుంది. కొలాజ్‌కి ఇందులో పెద్ద మేలు ఉంది. ఒకే ఉప్పుగాలి, ఒకే ఎండ తిన్న రంగులు పక్కపక్కన పెట్టినప్పుడు కలిసిపోతాయి.

నాకు ఈ ధైర్యం ఇచ్చిన వ్యక్తి ఆరన్ సిస్కిండ్. న్యూయార్క్ బడుల్లో ఇరవై ఏళ్ళకు పైగా ఇంగ్లీషు పాఠాలు చెప్పిన టీచరు. మొదట్లో మనుషుల జీవితాల మీద డాక్యుమెంటరీ ఫొటోలు తీసేవాడు. 1944 వేసవిలో మసాచుసెట్స్‌లోని గ్లాస్టర్ అనే చేపల రేవుకి వెళ్ళి, అక్కడ పారేసిన చేతి తొడుగు, తాడు ముక్క, చెక్క వంటి వాటిని దగ్గరగా, ఎదురుగా, లోతు లేకుండా తీయడం మొదలుపెట్టాడు. తర్వాత జీవితమంతా ఊడిన రంగులూ చిరిగిన పోస్టర్లూ గోడలే ఆయన వస్తువు. చేపల రేవు, వేసవి, బడిపంతులు అన్నీ కలిసిన ఈ కథ చదివినప్పుడు హార్బర్‌కి వెళ్ళడానికి నాకు ఇంకో కారణం అక్కర్లేకపోయింది.

మీకు సముద్రం దగ్గర లేకపోవచ్చు. పాత ఇనుప సామాన్ల కొట్టు, బస్సుల రిపేరు షెడ్డు, రంగుల అద్దకం జరిగే చోటు, ఊరి చెరువు గట్టు, ఏదైనా సరే. మధిరలో పుట్టిన చిత్రకారుడు సూర్యప్రకాశ్ ఒకప్పుడు తుప్పుపట్టిన పాత కార్ల తుక్కును చిత్రాల వరసగా వేశారు. మాకు దగ్గరలో భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలున్నాయి, వాన నీరు కోసిన గాళ్ళలో గంటలు గంటలు గడపొచ్చు. అక్కడ మట్టి మెత్తన, అంచులు ఎక్కకండి, గోడల మీద చెయ్యి వేసి రాల్చకండి. ఏటికొప్పాకలో లక్క పూసిన కర్ర తరిణి మీద తిరుగుతున్నప్పుడు పట్టే రంగుల చారలు కూడా అద్భుతం. చేసేవాళ్ళను అడిగి, పనికి అడ్డం రాకుండా తీయాలి.

అడగడం గురించి ఒక మాట ఇక్కడే చెప్పాలి. 2023 నవంబరులో మా హార్బర్‌లో మంటలు రేగి పదుల సంఖ్యలో పడవలు కాలిపోయాయి. కొన్నాళ్ళ తర్వాత నేను వెళ్ళాను. కాలిన చెక్క మీద మొసలి చర్మంలా పగుళ్ళు, మధ్యలో కరిగి గడ్డకట్టిన ఫైబర్. కళ్ళకు అది ఎంత బలమైన ఉపరితలమో నాకు తెలుస్తూనే ఉంది. పక్కన ఒకతను కాలిన ఇంజను భాగాలు ఏరుకుంటున్నాడు. పేరు తీసేసి చూడటం నేర్చుకున్న కన్ను ఆ రోజు నాకు తప్పుగా అనిపించింది. అతను ఏరుతున్నదానికి పేరుంది, దాని మీద అప్పు కూడా ఉంది. ఫొటో తీయలేదు, అతనితో పాటు కాసేపు రేకులు మోశాను. ఎవరి నష్టమో ఇంకా వెచ్చగా ఉన్నప్పుడు అది మన బొమ్మకు ముడిసరుకు కాదని నేను నమ్ముతాను. మీరూ మీ చోటులో ఈ గీత ఎక్కడుందో ముందే ఆలోచించుకోండి.

ఫోన్ సిద్ధం చేసుకోవడం

లెన్సును మెత్తటి నూలుబట్టతో తుడవండి. వేలిముద్ర పడితే మొత్తం మసకగా వస్తుంది, తర్వాత ఏ యాప్‌తోనూ పూర్తిగా పోదు. గ్రిడ్ గీతలు ఆన్ చేయండి. బ్యూటీ, ఏఐ, ఫిల్టర్ లాంటివి ఆఫ్ చేయండి, గరుకుతనాన్ని చెరిపేసేవి అవే. ఫొటో సైజు కెమెరా ఇచ్చే పూర్తి సైజులో ఉంచండి. 12 మెగాపిక్సెళ్ళ ఫొటో అంటే సుమారు 4000 అడ్డం, 3000 నిలువు పిక్సెళ్ళు, కొలాజ్‌కి ఇది సరిపోతుంది. వేళ్ళతో జూమ్ చేయకుండా మీరే దగ్గరకు నడవండి. మామూలు లెన్సు మరీ దగ్గర్లో ఫోకస్ కాదు. అలాంటప్పుడు ఒక అడుగు వెనక్కి వేసి తీసి, తర్వాత కత్తిరించుకోండి.

తెర మీద కావలసిన చోట వేలు నొక్కి పట్టుకుంటే చాలా ఫోన్లలో ఫోకస్, ఎక్స్‌పోజర్ రెండూ అక్కడే ఆగిపోతాయి. ఆ తర్వాత వెలుగును కాస్త కిందికి జరపండి. ఫోన్ తనంతట తాను ముదురు ఉపరితలాన్ని బూడిద రంగుకు తెచ్చేయాలని చూస్తుంది, కొంచెం తగ్గిస్తే రంగు చిక్కగా నిలుస్తుంది. పూర్తిగా తెల్లబడిన భాగంలో తర్వాత తిరిగి తెచ్చుకోవడానికి ఏమీ మిగలదు, కాబట్టి కాస్త ముదురుగా తీయడమే మేలు.

గోడైనా పడవ పక్కచెక్కైనా ఎదురుగా తీసేటప్పుడు ఫోన్‌ని దానికి సమాంతరంగా పట్టాలి. కాస్త వంగినా ఒక పక్క చిన్నదై లోతు కనిపిస్తుంది, లోతు కనిపించగానే మెదడు దాన్ని 'గోడ' అని గుర్తుపట్టేస్తుంది.

వెలుగు సంగతి. గరుకుతనం కావాలంటే ఉదయం ఏడుకి ముందు వెళ్ళండి. పక్కనుంచి జారిపడే ఎండకు చిన్న పెచ్చు కూడా నీడ వేస్తుంది. రంగు కావాలంటే నీడపట్టునో మబ్బు పట్టిన రోజో తీయండి. మిట్టమధ్యాహ్నం నీడలు నిక్కచ్చిగా కత్తిరించినట్టు పడతాయి, ఆకారాల కోసం అయితే నాకది ఇష్టమే. వాన పడి తెరిపిచ్చిన పది నిమిషాలు మాత్రం ఏ పనున్నా వదిలేసి పరుగెత్తాల్సిన సమయం. తడిసిన తుప్పు రంగుకు సాటి లేదు.

ఏం తియ్యాలి

మొదట ఉపరితలాలు: పెచ్చులు, తుప్పు, నాచు, బూజు, సున్నం మీద సున్నం. ఇవి సులువు, అందుకే అందరూ ఇక్కడే ఆగిపోతారు. కొలాజ్‌కి ఇవొక్కటే చాలవు, అన్నీ గరుకైతే కంటికి ఊపిరాడదు.

కాబట్టి గీతల కోసం కూడా వెతకండి. లంగరు తాడు, వల అంచు, కరెంటు తీగ, చెక్కల మధ్య సందు. తర్వాత నీళ్ళు. ఆగిన పడవల మధ్య నీళ్ళలో రంగులు విరిగి వంకీలు తిరుగుతాయి. అక్కడ ఫోకస్ నీటి మీద కాకుండా అందులోని నీడ మీద పెట్టి చూడండి, రెండూ వేర్వేరు బొమ్మలు. ఇక దేని గుండానైనా తీయడం: వల గుండా, మురికి అద్దం గుండా, నీలం ప్లాస్టిక్ పట్టా గుండా.

కదలిక మీద కాస్త ఎక్కువసేపు ఉండాలనిపిస్తోంది, ఎందుకంటే మా పిల్లలు గంతులేసేది ఇక్కడే. ఫోన్‌లో ప్రో మోడ్ ఉంటే ఐఎస్‌ఓ, అంటే కెమెరా వెలుగును పట్టే తీవ్రత, అతి తక్కువకు దించి, షట్టర్ వేగం సెకనులో నాలుగో వంతు పెట్టండి. సూర్యుడు దిగిపోయాక, దీపాలు వెలిగే వేళ, బటన్ నొక్కుతూనే ఫోన్‌ని నిలువుగా కిందికి లాగండి. నిలబెట్టిన కర్రలు, స్తంభాలు పొడుగాటి రంగు పట్టీలవుతాయి. అడ్డంగా లాగితే తీరం పొడవునా చారలు. మణికట్టు తిప్పితే సుడి. పగటి ఎండలో ఇదే చేస్తే ఫొటో తెల్లగా కాలిపోతుంది. ఇరవై తీస్తే ఒకటో రెండో నిలుస్తాయి, తక్కినవి పోతాయని బాధపడకండి. చేయి కదిపే వేగం, మొదలుపెట్టే క్షణం రెండూ శరీరానికి అలవాటు కావాలి, ముగ్గు పిండి ధారలాగే.

ఒక హెచ్చరిక. అక్షరాలు, అంకెలు, మనిషి ముఖం. ఫ్రేములో ఒక్క అక్షరం ఉన్నా కన్ను ముందు దాన్ని చదువుతుంది, ఆ తర్వాతే రంగు చూస్తుంది. పడవ పేరులోంచి ఒక ఒంపు మాత్రమే కావాలంటే అది అక్షరమని తెలియనంత దగ్గరకు వెళ్ళండి. తెలుగు అక్షరాల్లో గుండ్రటి ఒంపులు ఎక్కువ కాబట్టి ఇలా కోస్తే చాలా అందంగా వస్తాయి.

వడపోత

నాలుగుసార్లు వెళ్ళొస్తే నూట యాభై ఫొటోలైనా ఉంటాయి. ఇంటికి రాగానే చూడకండి, రెండు రోజులు ఆగండి. తీసేటప్పటి ఉత్సాహం ఫొటోకి అంటుకుని ఉంటుంది, అది దిగాలి.

తర్వాత తెర మీద బొటనవేలి గోరంత సైజులో అన్నీ ఒకేసారి చూడండి. అంత చిన్నగా ఉన్నప్పుడు కూడా లాగుతున్నవి పక్కన పెట్టండి. వాటిని తలకిందులు చేసి చూడండి. అలా తిప్పినా నిలబడితే కూర్పు గట్టిదని అర్థం. ఒక్క ఫొటోలో రెండు మంచి బొమ్మలుంటే రెండుగా కత్తిరించి దాచండి, మొదటి ఫైలు మాత్రం చెరపకండి. ఇలా పన్నెండు మిగిలేదాకా తీసేస్తూ పోవాలి. పన్నెండే ఎందుకంటే నా అనుభవంలో అంతకు మించితే కొలాజ్ చేసేటప్పుడు ఎంచుకోవడంతోనే సరిపోతుంది.

ఈ పన్నెండింటికీ పనులు అప్పగించండి. నేల అయ్యేవి: పెద్దగా పరిచినా అలసట కలిగించనివి, ఒకే రంగు ఎక్కువున్నవి. గీత అయ్యేవి. మచ్చ అయ్యేవి, అంటే చిన్నగా ఉన్నా కన్ను పట్టేసుకునేవి, ఎర్ర తుప్పు చుక్కలాంటివి. చివరగా ఖాళీ. మబ్బు లేని ఆకాశం, తెల్ల గోడ, పొగమంచులో సముద్రం. ఖాళీని తీసుకురావడం మర్చిపోయి చాలామంది ఇక్కడ ఇరుక్కుంటారు. అప్పుడు మళ్ళీ వెళ్ళి ఖాళీ తీసుకురండి, నేను అలా రెండుసార్లు వెళ్ళాను.

ముందు కాగితం మీద

కంప్యూటర్ తెరిచే ముందు ఈ పన్నెండింటినీ పోస్టుకార్డు సైజులో ప్రింటు తీయించండి. మామూలు కలర్ జెరాక్స్ అయినా పర్వాలేదు. నేల మీద పరుచుకుని కత్తెరతో కోయండి, చేత్తో చింపండి. చింపిన అంచు తెల్లగా, నారగా ఉంటుంది, కోసిన అంచు చురుగ్గా ఉంటుంది. రెండూ పక్కపక్కన పెడితేనే ఒకదాని గుణం ఇంకొకదాని వల్ల తెలుస్తుంది.

అంటించకండి. జరుపుతూ ఉండండి. నచ్చిన ప్రతి అమరికనూ పైనుంచి ఫొటో తీసుకోండి. గంటలో పది అమరికలు వస్తాయి. తెర మీద అంత వేగంగా జరపలేం, పైగా తెర మీద అన్డూ ఉందన్న ధీమాలో దేన్నీ తేల్చుకోం. బెర్లిన్‌లో హన్నా హోఖ్ అనే చిత్రకారిణి వంద ఏళ్ళ కిందట పత్రికల ఫొటోలు కత్తిరించి చేసిన కూర్పులు చూస్తే, కత్తెర పట్టిన చేయి ఎంత నిశ్చయంగా ఉంటుందో అర్థమవుతుంది.

పది అమరికల్లోంచి ఒకటి ఎంచుకోండి. కంప్యూటర్ మీద చేసే పనికి ఇదే నక్షా.

లేయర్ల పని

నేను ఫోటోపీ వాడతాను. బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది, డబ్బు కట్టక్కర్లేదు. గింప్, క్రిటా కూడా ఉచితమే. ఫోన్ మాత్రమే ఉన్నవాళ్ళు ఐబిస్ పెయింట్‌లో లేయర్లతో పనిచేయొచ్చు, మరీ మొదటి ప్రయత్నానికి స్నాప్‌సీడ్‌లోని డబుల్ ఎక్స్‌పోజర్ చాలు.

కొత్త ఫైలు ఏ4 సైజు, 300 డీపీఐ, అంటే 2480 అడ్డం, 3508 నిలువు పిక్సెళ్ళు. రంగు ఆర్‌జీబీ. పెద్దగా ప్రింటు వేయాలని ఉంటే మొదటే ఏ3 తీసుకోండి, 3508 బై 4961. చిన్న ఫైలుని తర్వాత సాగదీస్తే పెచ్చుల అంచులు మెత్తబడి దూదిలా అవుతాయి.

ముందు నేల లేయర్ పరవండి. తర్వాత ఒక్కో ముక్కనూ వేరే లేయర్‌గా తెచ్చి, నక్షా ప్రకారం పెట్టండి. ప్రతి లేయర్‌కీ పేరు రాయండి: 'నీలం పెచ్చు', 'తాడు', 'తెల్ల ఖాళీ'. ఇరవై లేయర్లయ్యాక ఏది ఏదో తెలియక టెన్షన్ పడే బాధ తప్పుతుంది.

అక్కర్లేని భాగాన్ని రబ్బరుతో చెరపకండి, మాస్క్ వాడండి. మాస్క్ మీద నల్లరంగు పూసిన చోట ఆ ముక్క కనబడదు, తెల్లరంగు పూస్తే మళ్ళీ వస్తుంది. ఏదీ పోదు. అంచులు కోయడానికి లాసో, అంటే చేత్తో చుట్టూ గీత గీసి ముక్కను ఎంచుకునే పనిముట్టు. కాగితం మీద చింపిన అంచు నచ్చితే, ఆ చింపిన ముక్కనే స్కాన్ చేసో ఫొటో తీసో తెచ్చి వాడండి. కంప్యూటర్ చేసే చిరుగు కంటే చేతి చిరుగు ఎప్పుడూ బాగుంటుంది.

ఇప్పుడు బ్లెండ్ మోడ్‌లు, అంటే పై లేయర్ కింద లేయర్‌తో కలిసే తీరులు. పిల్లలకు నేను తోలుబొమ్మలాటతో చెప్తాను. తోలుబొమ్మ పలచటి తోలు, రంగు అద్దినా వెనక దీపం వెలుగు దానిలోంచి వస్తుంది. ఒక బొమ్మ మీదికి ఇంకో బొమ్మ వస్తే, రెండూ కలిసిన చోట రంగు ముదురవుతుంది, ఎందుకంటే దీపం వెలుగు రెండు తోళ్ళు దాటి రావాలి. అదే మల్టిప్లై. పేరుకు తగ్గట్టే గుణకారం: తెలుపును ఒకటి, నలుపును సున్నా అనుకుంటే, సగం వెలుగు మీద సగం వెలుగు పడితే పావు వస్తుంది. తెల్లటి చోట ఏ మార్పూ ఉండదు. అందుకే తెల్ల ఆకాశం మీద తీసిన వల, తాడు, తీగలాంటి గీతలకు మల్టిప్లై పెడితే ఆకాశం మాయమై గీతలు మాత్రమే కింద లేయర్ మీద నిలుస్తాయి. కత్తిరించే పనే ఉండదు.

స్క్రీన్ దీనికి ఎదురు. చీకటి గోడ మీద రెండు టార్చిలైట్లు ఒకే చోట వేసినట్టు, కలిసిన చోట వెలుగు పెరుగుతుంది, నలుపు కనబడకుండా పోతుంది. రాత్రి హార్బర్ దీపాలు కదిలిస్తూ తీసిన ఫొటోలకు ఇది సరిగ్గా సరిపోతుంది. డిఫరెన్స్ ఒక రంగులోంచి ఇంకో రంగును తీసివేస్తుంది, ఊహించని ఊదాలూ ఆకుపచ్చలూ వస్తాయి. మొదటిసారి చూసి అందరూ ముచ్చటపడతారు, నేనూ పడ్డాను. కానీ ఆ రంగులు మీ చోటువి కావు, సాఫ్ట్‌వేర్‌వి. నా పనిలో దాన్ని దాదాపు మానేశాను. ముదురునూ లేతనూ ఇంకా దూరం చేసే ఓవర్‌లే వాడితే ఒపాసిటీ, అంటే లేయర్ ఎంత చిక్కగా కనబడాలన్న కొలత, 30 శాతం దాటనివ్వకండి, దాటితే అన్నీ సినిమా పోస్టర్‌లా మెరుస్తాయి.

పొరల గురించి ఆలోచించేటప్పుడు నాకు కృష్ణారెడ్డి గుర్తొస్తారు. చిత్తూరు దగ్గర నందనూరులో 1925లో పుట్టి, శాంతినికేతన్‌లో చదివి, పారిస్‌లో హేటర్ నడిపిన అటలియే 17 అనే ముద్రణశాలలో పనిచేసిన ముద్రణ కళాకారుడు. సిరాల చిక్కదనాల్లో తేడా, మెత్తటి రోలరు, గట్టి రోలరు వాడి, ఒకే లోహపు రేకు మీద లోతు ఎత్తుల్లో వేర్వేరు రంగులు పట్టించి ఒక్క దెబ్బకు ముద్ర తీసే విస్కాసిటీ పద్ధతిని రూపొందించినవాళ్ళలో ఆయన ముఖ్యుడు. అక్కడ ఒక రంగు ఇంకోదాన్ని ఎక్కడ ఒప్పుకుంటుంది, ఎక్కడ తోసేస్తుంది అన్నదే పనంతా. లేయర్ పెట్టిన ప్రతిసారీ కింద ఉన్నది దీన్ని ఒప్పుకుంటోందా అని అడుగుతాను. ఒప్పుకోకపోతే ఒపాసిటీ తగ్గించి సర్దడం కాదు, ముక్కనే మారుస్తాను.

రంగులు పక్కన పెట్టి ఒకసారి మొత్తం బొమ్మను నలుపు తెలుపులో చూడండి. పైన ఒక లేయర్ వేసి, దాన్ని నలుపుతో నింపి, మోడ్ 'కలర్' అని పెడితే చాలు. అంతా ఒకే బూడిద రంగులా కనిపిస్తే ముదురు, లేత తేడా లేదని అర్థం. నేల లేయర్‌ని ముదురు చేయండి, లేదా ఖాళీని ఇంకా తెల్లగా చేయండి. చాలా కొలాజ్‌లు రంగు తప్పు వల్ల చెడ్డాయనుకుంటాం, తెరిచి చూస్తే ఇదే కారణం.

ముక్కల కింద ఉత్తుత్తి నీడలు వేయకండి. ఎగిరిపోతున్న స్టిక్కర్లలా ఉంటాయి.

ఎప్పుడు ఆపాలి

ఒక్కో లేయర్‌నీ కన్ను గుర్తు నొక్కి దాచి చూడండి. లేకపోయినా బొమ్మకు లోటు రాకపోతే తీసేయండి. నా ఫైళ్ళలో ఇరవై లేయర్లతో మొదలైనవి సాధారణంగా ఏడెనిమిదితో ముగుస్తాయి. మొత్తాన్ని అడ్డంగా తిరగేసి అద్దంలో చూసినట్టు చూడండి, ఒక పక్క బరువెక్కితే వెంటనే తెలుస్తుంది. రాత్రి ఆపి పొద్దున్నే చూడండి. మొదటి చూపులో కన్ను ఎక్కడ గుచ్చుకుందో అక్కడే పని మిగిలి ఉంది.

లేయర్లన్నీ ఉన్న ఫైలుని పీఎస్‌డీగా ఒకచోట, ఇంకో కాపీ వేరే చోట దాచండి. ఒకసారి నేను తొందరలో లేయర్లన్నీ ఒకటిగా కలిపేసి, అదే పేరుతో సేవ్ చేసి మూసేశాను. మూడు వారాల పని. ప్రింటులో ఒక మూల బాగా నల్లబడి వచ్చింది, ఆ మూలను వేరుగా సరిచేసే దారే లేకపోయింది. ఆ బొమ్మను మొదటి నుంచి మళ్ళీ కూర్చాను. రెండోది మొదటిదానిలా రాలేదు.

ప్రింటుకి జేపెగ్ అత్యధిక క్వాలిటీలో, ఎస్‌ఆర్‌జీబీలో తీయండి. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే కుదించేస్తుంది, డాక్యుమెంట్‌గా పంపండి, లేదా పెన్‌డ్రైవ్‌లో ఇవ్వండి. ఫోన్ తెర ఎప్పుడూ కాగితం కంటే వెలుగ్గా ఉంటుంది, కాబట్టి పెద్దది వేయించే ముందు అదే కాగితం మీద చిన్న ముక్క ప్రింటు తీయించి పగటి వెలుగులో చూడండి. మెరిసే కాగితం కంటే మెరవని దళసరి కాగితం మీద తుప్పు, సున్నం బాగా నిలుస్తాయి.

బడిలో చేయించాలంటే

తోటి డ్రాయింగ్ టీచర్లు తరచూ అడిగేది ఇది. ఫోన్లు లేవు, పీరియడ్ నలభై నిమిషాలే, ఎలా అని. ఐదుగురికి ఒక ఫోన్ చాలు, అది టీచరుదైనా సరే. మొదటి పీరియడ్ మొత్తం శుభలేఖ కిటికీలతోనే గడపండి. మా ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ పాత శుభలేఖలుంటాయి, అడిగితే పిల్లలు సంచుల కొద్దీ తెస్తారు. రెండో పీరియడ్‌లో ఒక్కొక్కరికీ మూడే ఫొటోలు. మూడే అని చెప్పినప్పుడు పిల్లలు ఎంతసేపు చూస్తారో మీరే గమనించండి. ఆవరణ దాటి వెళ్ళనక్కర్లేదు, చేతిపంపు దగ్గర పాచి, నల్లబల్ల మీద చెరిపిన సుద్ద, సైకిల్ స్టాండు ఉన్నాయి. మూడో వారం జెరాక్సులు, కత్తెరలు. కంప్యూటర్ గది దొరికితే నాలుగో వారం లేయర్లు, దొరక్కపోతే జిగురు.

ఇంకొకరి ముక్క అడిగి తీసుకునే నియమం పెట్టండి, అడగకుండా వాడకూడదు. పని అయ్యాక బొమ్మ వెనక ఎవరెవరి ముక్కలున్నాయో రాయించండి. పోయినేడాది తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె తన కొలాజ్‌లో నల్లబల్ల సుద్దమరకను నేలగా పరిచి, దాని మీద వాళ్ళ నాన్న వల అంచును ఒకే ఒక్క గీతగా పెట్టింది. ఇంకేమీ పెట్టలేదు. వెనకవైపు రెండు పేర్లు రాసింది: సుద్దమరక ఫొటో తీసిన స్నేహితురాలిది, వల అల్లిన నాన్నది. వల ఫొటో తీసింది నువ్వే కదా, మూడో పేరు నీదని చెప్పి పెన్ను మళ్ళీ చేతికిచ్చాను.